నా లాప్‌టాప్‌లో కంపైలయింది, ల్యాబ్‌లో ఎక్కలేదు: వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌ని పాత ఎడిటర్‌కి సరిపెట్టే పద్ధతి

"మామయ్యా, నువ్వు పంపిన ఫైలు ఇక్కడ ఎక్కట్లేదు" అని మా మేనకోడలు కాలేజీ ల్యాబ్ నుంచి ఫోన్ చేసింది. డిప్లొమా రెండో ఏడు చదువుతోంది. సీ ప్రోగ్రాం రాసేటప్పుడు వచ్చే ఎర్రర్ మీద మౌస్ పెడితే దాని అర్థం తెలుగులో చూపించే చిన్న ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాం) ఒకటి తన కోసం, తన క్లాసు పిల్లల కోసం రాసిచ్చాను. నా లాప్‌టాప్‌లో వీఎస్ కోడ్ (ప్రోగ్రాంలు రాసుకునే ఎడిటర్) 1.96 ఉంది, అందులో చక్కగా నడిచింది. తన ల్యాబ్‌లోవి విండోస్ 7 మిషన్లు. విండోస్ 7 మీద నడిచే చివరి వీఎస్ కోడ్ 1.70.3. దాని పైది అక్కడ వేయడానికి వీల్లేదు, మిషన్లు మార్చడం మన చేతిలో లేదు. అంటే నా ఎక్స్‌టెన్షనే 1.70కి దిగి రావాలి.

శనివారం పొద్దున మొదలుపెడితే ఆదివారం రాత్రికి గానీ తేలలేదు. పని కష్టమై కాదు. ఏ వరసలో చూడాలో తెలియక మొదటి రోజంతా పోయింది. మీకు ఆ రోజు మిగలాలని ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను. నాది వీఎస్ కోడ్ అనుభవం, టైప్‌స్క్రిప్ట్‌లో (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) రాసిన ఎక్స్‌టెన్షన్. మీ దగ్గర కర్సర్, వీఎస్‌కోడియం లాంటి ఎడిటర్లు ఉన్నా ఇదే వర్తిస్తుంది, అవన్నీ వీఎస్ కోడ్ మీద కట్టినవే. కర్సర్‌లో అబౌట్ తెరిస్తే దాని సొంత వెర్షన్‌తో పాటు అది ఏ వీఎస్ కోడ్ వెర్షన్ మీద నిలబడిందో కూడా కనిపిస్తుంది. మనకు కావలసింది ఆ రెండో నంబరు.

ముందు నంబర్లు కాగితం మీద పెట్టండి

కోడ్ ముట్టుకోకముందే ఐదు నంబర్లు రాసుకోవాలి. ఎర్రర్ ఏదైనా చివరికి వీటిలో ఏవో రెండింటి మధ్య పొత్తు కుదరకపోవడమే.

మొదటిది, ఎక్స్‌టెన్షన్ వాడే మనిషి దగ్గరున్న ఎడిటర్ వెర్షన్. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కమనండి, వచ్చిన పెట్టెను ఫోటో తీసి పంపమనండి. నోటిమాటగా "కొత్తదే" అంటే నమ్మొద్దు. ఆ పెట్టెలోనే ఎలక్ట్రాన్ (ఎడిటర్ని కట్టిన చట్రం), నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపేది) వెర్షన్లు కూడా ఉంటాయి. ఆ నోడ్ నంబరే మన రెండోది. మా మేనకోడలు పంపిన ఫోటోలో 1.70.3, నోడ్ 16 అని ఉన్నాయి. నా 1.96 లోపల ఉన్నది నోడ్ 20. ఈ తేడా తర్వాత నన్ను చాలా తిప్పింది.

మూడోది, ప్రాజెక్ట్ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ (package.json) ఫైల్లో ఇంజిన్స్ కింద వీఎస్‌కోడ్ అని రాసి ఉండే నంబరు. నాలుగోది, టైప్స్ వీఎస్‌కోడ్ (@types/vscode) అనే ప్యాకేజీ వెర్షన్. ఎడిటర్ ఏపీఐలో (ఎక్స్‌టెన్షన్లు పిలవగలిగే ఫంక్షన్ల సముదాయం) ఏమేం ఉన్నాయో టైప్‌స్క్రిప్ట్‌కి చెప్పేది ఇదే. ఐదోది టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ వెర్షన్. మీ టెర్మినల్‌లో నడిచే నోడ్ వెర్షన్ కూడా పక్కన రాసుకోండి, బండిలింగ్ (కోడ్ ఫైళ్లన్నీ ఒకటిగా కట్టడం) దగ్గర అది పనికొస్తుంది.

నాలుగో నంబరు విషయంలో ఒక జాగ్రత్త. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రాసి ఉన్నది చూసి రాసుకోకండి. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎం టూల్ ఉంది కదా, టెర్మినల్‌లో ఎన్‌పీఎం ఎల్‌ఎస్ (npm ls) అని కొట్టి పక్కన ఆ ప్యాకేజీ పేరు ఇవ్వండి, నిజంగా ఇన్‌స్టాల్ అయి ఉన్న నంబరు చూపిస్తుంది. నా శనివారమంతా పోయింది సరిగ్గా ఈ ఒక్క కమాండ్ కొట్టకపోవడం వల్లే.

నంబరు ఒక్కటే మారిస్తే ఏమవుతుందంటే

ల్యాబ్‌లో మొదట వచ్చిన మెసేజ్ సూటిగానే ఉంది: ఈ ఎక్స్‌టెన్షన్ వీఎస్ కోడ్ 1.70.3తో కంపాటిబుల్ కాదు, ఇన్‌స్టాల్ చేయలేను అని. కారణం, నా ఇంజిన్స్‌లో ^1.85.0 అని ఉంది. ప్రాజెక్ట్ మొదలుపెట్టినప్పుడు టెంప్లేట్ పెట్టిన నంబరు అది, నేను ఆలోచించి ఎంచుకున్నది కాదు. దాన్ని ^1.70.0 అని మార్చి మళ్లీ ప్యాక్ చేయబోయాను. ఈసారి ప్యాక్ చేసే వీఎస్‌సీఈ టూల్ ఆపింది: టైప్స్ వీఎస్‌కోడ్ ^1.85.0, ఇంజిన్స్ వీఎస్‌కోడ్ ^1.70.0 కంటే పెద్దదిగా ఉంది, ఇంజిన్స్ పెంచు లేదా పాత టైప్స్ వాడు అని.

అలాగేనని టైప్స్ దగ్గర కూడా ^1.70.0 అని రాసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టాను. కంపైల్ అయింది, ఒక్క ఎర్రర్ లేదు. వీఎస్‌సీఈ కూడా ఊరుకుంది. వీఎస్‌ఐఎక్స్ (ప్యాక్ చేసిన ఎక్స్‌టెన్షన్) ఫైలు పంపాను, ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ కూడా అయింది. అర్థాల జాబితా తెరిచే కమాండ్ నొక్కితే మాత్రం "కమాండ్ నాట్ ఫౌండ్". అది సరిచేసి పంపితే ఎక్స్‌టెన్షన్ యాక్టివేట్ కాలేదు. అదీ సరిచేస్తే అర్థాల ఫైలు డౌన్‌లోడ్ దగ్గర ఆగింది. ప్రతిసారీ ఆ పిల్ల ల్యాబ్ అసిస్టెంట్‌ని బతిమాలి సిస్టం దగ్గర కూర్చోవడం, నేను ఇక్కడ ఒక్క లైను మార్చి మళ్లీ పంపడం. మూడుసార్లయ్యాక నాకే సిగ్గనిపించింది. ఈ తప్పుల్లో మొదటిది తప్ప మిగతావి నా కంపైలర్ ముందే చెప్పగలిగినవి. చెప్పే వీలు లేకుండా నేనే చేశాను.

వెర్షన్ల పనిలో కంపైల్ ఎర్రర్ రాకపోవడం మంచి కబురు కాదు. కొత్త ఎడిటర్‌కి రాసిన కోడ్‌ని పాత ఎడిటర్‌కి తిప్పుతున్నప్పుడు ఎర్రర్లు రావాలి. రాలేదంటే కంపైలర్ ఇంకా కొత్త ఎడిటర్‌నే చూస్తోందని అర్థం. కాబట్టి మన మొదటి పని ఎర్రర్లు పోగొట్టడం కాదు, దాక్కున్న ఎర్రర్లన్నిటినీ మన మిషన్ మీదే బయటికి రప్పించడం.

క్యారెట్ గుర్తుకి రెండు అర్థాలు

ఎర్రర్లు దాక్కున్నది ఆ ^ గుర్తు వెనక. ఇంజిన్స్ దగ్గర ^1.70.0 అంటే "కనీసం 1.70 ఉండాలి, ఆ పైన 2 లోపు ఏదైనా సరే" అని. వాడే మనిషికి మనం ఇస్తున్న మాట అది. డిపెండెన్సీ (మన కోడ్ ఆధారపడే ప్యాకేజీ) దగ్గర అదే ^1.70.0 అంటే ఎన్‌పీఎంకి "1.70 నుంచి 2 లోపు ఏది తెచ్చినా ఒప్పుకుంటాను" అని అనుమతి. లాక్ ఫైలు (ఏ వెర్షన్లు ఇన్‌స్టాల్ అయ్యాయో రాసి ఉంచేది) లేకపోతే అది ఉన్నవాటిలో కొత్తది తెస్తుంది. లాక్ ఫైలు ఉంటే, అందులో ఇప్పటికే ఉన్న వెర్షన్ ఆ హద్దులో పడుతోందా అని చూసి, పడితే దాన్నే ఉంచేస్తుంది. నా లాక్ ఫైల్లో 1.96.0 ఉంది. అది ^1.70.0 హద్దులోదే. అందుకే ఏమీ మారలేదు. వీఎస్‌సీఈ చూసేది ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రాసిన నంబర్నే కాబట్టి దానికీ తెలియలేదు.

కాబట్టి టైప్స్ వీఎస్‌కోడ్‌కి క్యారెట్ పెట్టకండి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌కి సేవ్ ఎగ్జాక్ట్ ఆప్షన్ ఇచ్చి, ప్యాకేజీ పేరు పక్కన 1.70.0 అని పూర్తి నంబరు ఇవ్వండి. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఏ గుర్తూ లేకుండా 1.70.0 అని పడాలి. తర్వాత ఎన్‌పీఎం ఎల్‌ఎస్‌తో మరోసారి చూసుకోండి. ఇంజిన్స్ దగ్గర మాత్రం క్యారెట్ ఉండాలి. అక్కడ తీసేస్తే సరిగ్గా 1.70.0 ఉన్నవాళ్లకే ఎక్కుతుంది.

అదే ఊపులో టైప్స్ నోడ్ (@types/node, నోడ్‌లో ఏమేం ఉన్నాయో చెప్పేది) ప్యాకేజీని కూడా దించండి. వాడే మనిషి ఎడిటర్లో నోడ్ 16 ఉంటే టైప్స్ నోడ్ కూడా 16 వరసలోదే ఉండాలి. ఇక్కడ క్యారెట్ ఉన్నా పర్వాలేదు, 16 దాటిపోదు. ఎన్‌పీఎం ఎల్‌ఎస్ టైప్స్ నోడ్ కొడితే రెండు మూడు వేర్వేరు వెర్షన్లు కనబడొచ్చు. చాలా ప్యాకేజీలు "టైప్స్ నోడ్ ఏదైనా సరే" అని నక్షత్రం గుర్తు (*) పెట్టి అడుగుతాయి, వాటి కోసం ఎన్‌పీఎం కొత్తది తెచ్చి పెట్టి ఉంటుంది. అలాంటప్పుడు ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఓవర్‌రైడ్స్ అనే భాగం పెట్టి అందరికీ ఒకే వెర్షన్ అని తేల్చేయండి.

మూడో మార్పు టీఎస్‌కాన్ఫిగ్‌లో, అంటే టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైల్లో. అక్కడ లిబ్ అనే వరస ఉందో లేదో చూడండి. లేకపోతే టైప్‌స్క్రిప్ట్ బ్రౌజర్ టైపులు కూడా తనంతట తనే కలుపుకుంటుంది. అప్పుడు ఫెచ్ (నెట్ నుంచి తెచ్చే ఫంక్షన్), డాక్యుమెంట్, విండో అన్నీ ఉన్నట్టే కంపైల్ అయిపోతాయి. నోడ్ 16లో గ్లోబల్ ఫెచ్ లేదు, నోడ్ 18 నుంచే ఉంది. నా డౌన్‌లోడ్ ల్యాబ్‌లో ఆగింది ఇందుకే. లిబ్‌లో ఈఎస్2021 (2021 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం) ఒక్కటే రాయండి, టార్గెట్ కూడా అదే పెట్టండి.

ఇంకో సంగతి చూడకుండా ముందుకు వెళ్లొద్దు. మీ బిల్డ్ స్క్రిప్ట్ ఈఎస్‌బిల్డ్ అనే బండిలింగ్ టూల్‌తో నడుస్తోందా? ఈఎస్‌బిల్డ్ టైపులను చెక్ చేయదు. వాటిని ఊడబీకి పక్కన పడేసి జావాస్క్రిప్ట్ తయారుచేస్తుంది, అంతే. పైన చెప్పిన మార్పులన్నీ చేసినా బిల్డ్ సాఫీగా అయిపోయి, అంతా బాగుందని మీరు మోసపోతారు. టీఎస్‌సీని (టైప్‌స్క్రిప్ట్ కంపైలర్) నోఎమిట్ ఆప్షన్‌తో విడిగా నడపండి. వీఎస్‌సీఈ ప్యాక్ చేసే ముందు దానంతట అది నడిచే ప్రీపబ్లిష్ స్క్రిప్ట్‌లో కూడా దాన్ని చేర్చండి.

ఇవన్నీ చేసి టీఎస్‌సీ కొట్టగానే నాకు ఎర్ర అక్షరాలతో స్క్రీన్ నిండింది. రెండు రోజుల్లో మొదటిసారి నిమ్మళంగా అనిపించింది.

ఎర్రర్లను చదివే వరస

పై నుంచి కిందికి ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోకండి. ముందు ఫైలు దారి చూసి రెండు కుప్పలు చేయండి: మన సోర్స్ ఫోల్డర్లో వచ్చినవి, నోడ్ మాడ్యూల్స్ (తెచ్చుకున్న ప్యాకేజీలుండే ఫోల్డర్) లోపల వచ్చినవి. ఈ రెండు కుప్పల జబ్బు వేరు, మందు వేరు. నోడ్ మాడ్యూల్స్‌వి ముందు చూడండి. అక్కడ టైపు ఫైలే సరిగా చదవలేకపోతే మన కోడ్‌లో వచ్చే ఎర్రర్లలో సగం దాని నీడలే.

నోడ్ మాడ్యూల్స్ లోపల "సెమీకోలన్ ఎక్స్‌పెక్టెడ్" అని టీఎస్ 1005, అలాంటి వ్యాకరణ ఎర్రర్లు పదులూ వందలూ వస్తే, టైపు ఫైలు కొత్తది, మీ టైప్‌స్క్రిప్ట్ పాతది. ఆ ఫైల్లో వాడిన కొత్త వ్యాకరణం మీ కంపైలర్‌కి తెలియదు. ఇది నాకు ఈ ఎక్స్‌టెన్షన్‌లో కాదు, ఒకప్పుడు పనిచేసిన చోట పాత ప్రాజెక్ట్ తెరిచినప్పుడు ఎదురైంది. అక్కడ టైప్‌స్క్రిప్ట్ 4 వరసలోది, ఎవరో ఎన్‌పీఎం అప్‌డేట్ కొట్టడంతో టైప్స్ నోడ్ ఎగిరి పైకి పోయింది. చాలామంది ఇలాంటప్పుడు టీఎస్‌కాన్ఫిగ్‌లో స్కిప్ లిబ్ చెక్ పెట్టి చూస్తారు. టైపుల పొంతన లేకపోతే అది పనికొస్తుంది గానీ వ్యాకరణమే అర్థం కానప్పుడు పనిచేయదు. ఫైలు చదవడం ఎలాగూ తప్పదు కదా. అక్కడ ఉన్నవి రెండే దారులు: టైప్‌స్క్రిప్ట్ పెంచడం, లేదా టైపుల ప్యాకేజీ దించడం. నేనైతే టైప్‌స్క్రిప్ట్ పెంచమంటాను. టైప్‌స్క్రిప్ట్ మన మిషన్ మీద మాత్రమే నడిచేది, వాడే మనిషి ఎడిటర్‌తో దానికి సంబంధం లేదు. పెంచితే నష్టం లేదు. పెంచడానికి వీల్లేని చోట టైప్స్ ప్యాకేజీలకు టీఎస్ 4.9, టీఎస్ 5.0 లాంటి ట్యాగులు ఉంటాయి. వెర్షన్ నంబరుకి బదులు ఆ ట్యాగు ఇస్తే ఆ కంపైలర్‌కి సరిపోయే చివరి వెర్షన్ వస్తుంది.

"డూప్లికేట్ ఐడెంటిఫైయర్", అంటే టీఎస్ 2300, గుట్టలుగా వస్తే ఒకే సంగతిని ఇద్దరు చెబుతున్నారని. బాగా పాత ఎక్స్‌టెన్షన్లలో వీఎస్‌కోడ్ అనే పేరుతోనే ఒక ఎన్‌పీఎం ప్యాకేజీ ఉండేది. ఇన్‌స్టాల్ అయ్యాక పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌తో టైపు ఫైలు తెచ్చుకునేది. 2019లో దాన్ని రెండుగా విడదీశారు, టైపులకు టైప్స్ వీఎస్‌కోడ్, టెస్టులకు వేరే ప్యాకేజీ. పాతదీ కొత్తదీ రెండూ ఉంటే ఈ గొడవ వస్తుంది. పాత ప్యాకేజీని, ఆ పోస్ట్ ఇన్‌స్టాల్ వరసను రెండింటినీ తీసేయండి. ప్యాకేజీ తీసి స్క్రిప్ట్ మరిచిపోతే ఎన్‌పీఎం ఇన్‌స్టాలే ఆగిపోతుంది. మోకా, జెస్ట్ అనే టెస్టింగ్ టూల్స్ రెండింటి టైపులూ ఒకేచోట ఉన్నా ఇలాంటి తగాదానే వస్తుంది. టీఎస్‌కాన్ఫిగ్‌లో టైప్స్ అనే వరసలో ఏవి కావాలో పేర్లు రాస్తే మిగతావి లోపలికి రావు.

ఇక మన సోర్స్‌లో వచ్చినవి. ఇవే అసలు పని.

నాకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం లాగ్ చానల్ (జరిగినవి టైముతో రాసి చూపేది) చుట్టూ తిరిగాయి. అవుట్‌పుట్ చానల్ తయారుచేసేటప్పుడు రెండో ఆర్గ్యుమెంట్‌గా లాగ్ ట్రూ అని ఒక ఆబ్జెక్ట్ ఇచ్చాను. 1.70 టైపుల్లో ఆ చోట ఉండాల్సింది స్ట్రింగ్. అందుకని టీఎస్ 2345, ఈ ఆర్గ్యుమెంట్ ఆ పారామీటర్‌కి సరిపోదని. లాగ్ అవుట్‌పుట్ చానల్ అనే టైపు పేరు వాడిన ప్రతిచోటా టీఎస్ 2694, నేమ్‌స్పేస్‌లో అలాంటి మెంబరు లేదని. లెక్కపెడితే చాలా లైన్లు, మూలం మాత్రం ఒక్కటే. ఈ లాగ్ చానల్ 1.74లో వచ్చింది. మామూలు అవుట్‌పుట్ చానల్ పెట్టి, అపెండ్‌లైన్‌తో టైము నేనే రాసుకునేలా పది లైన్ల ఫంక్షన్ ఒకటి రాస్తే అన్నీ ఒకేసారి పోయాయి.

అందుకే ఎర్రర్లను లైన్ల లెక్కన కాక పేర్ల లెక్కన పోగేయండి. ఏ పేరు లేదంటోంది? ఆ పేరు ఏ వెర్షన్లో వచ్చింది? వీఎస్ కోడ్ ప్రతి వెర్షన్‌తో ఇచ్చే రిలీజ్ నోట్స్‌లో ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ల కోసం వేరే భాగం ఉంటుంది, అక్కడ దొరుకుతుంది. తరచుగా తగిలేవి కొన్ని చెబుతాను: ఫైలు సిస్టం ఏపీఐ 1.37, పాస్‌వర్డ్‌లు దాచే సీక్రెట్ స్టోరేజ్ 1.53, ట్యాబ్ గ్రూపులు 1.67, లోకలైజేషన్ ఏపీఐ 1.73. వెతికినా దొరకని పేరైతే తిన్నటి దారి ఒకటుంది. టైప్స్ ప్యాకేజీని మధ్య నంబరుకి మార్చి టీఎస్‌సీ నడపండి. ఎర్రర్ పోతే ఇంకా కిందికి, పోకపోతే పైకి. 1.70కీ 1.96కీ మధ్య అయిదు ప్రయత్నాల్లో తేలిపోతుంది. ఆ నంబరు రాసుకుని టైప్స్‌ని మళ్లీ 1.70.0కి తెచ్చిపెట్టడం మాత్రం మరవకండి.

కంపైలర్ సలహా వినకూడని చోటు

నన్ను ఎక్కువ సేపు ఆలోచింపజేసిన ఎర్రర్ ఇది. అర్థాల జాబితాను అక్షర క్రమంలో పెట్టడానికి టుసార్టెడ్ అనే ఫంక్షన్ వాడాను. లిబ్‌ని ఈఎస్2021కి దించగానే టీఎస్ 2550 వచ్చింది: ఆ ప్రాపర్టీ లేదు, లిబ్ ఆప్షన్‌ని ఈఎస్2023కి మార్చి చూడు అని. చెయ్యి అలవాటుగా టీఎస్‌కాన్ఫిగ్ వైపు పోయింది. మారిస్తే ఎర్రర్ పోతుంది కూడా. కానీ ల్యాబ్ ఎడిటర్లోని నోడ్ 16లో ఆ ఫంక్షన్ పుట్టుకొస్తుందా? రాదు, అది నోడ్ 20 నుంచే ఉంది. లిబ్ అనేది "అక్కడ ఇవి ఉన్నాయి" అని మనం కంపైలర్‌కి ఇచ్చే వాంగ్మూలం. దాన్ని పెంచితే అక్కడ లేనిది ఉందని అబద్ధం చెప్పినట్టు. టార్గెట్ దించితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. టార్గెట్ వాక్య నిర్మాణాన్నే పాతదానికి మారుస్తుంది, లేని ఫంక్షన్‌ని తెచ్చి పెట్టదు. ఈఎస్‌బిల్డ్ టార్గెట్ కూడా అంతే.

మందు చాలా చిన్నది. జాబితాకి స్లైస్‌తో నకలు తీసి సార్ట్ చేశాను. ఫెచ్ ఉన్నచోట టీఎస్ 2304, ఆ పేరు కనబడలేదని. అక్కడ నోడ్ సొంత హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్ వాడాను. నాలుగు లైన్లు ఎక్కువయ్యాయి, అంతే.

ఇలాంటి చోట "యాజ్ ఎనీ" అని తగిలించి నోరు మూయించడం కూడా చూస్తుంటాం. దయచేసి చేయొద్దు. మీరు మూయించిన ఆ ఒక్క ఎర్రర్ వేరే ఊళ్లో, మీకు కనబడని స్క్రీన్ మీద, ఎవరో పిల్లకి ఎదురవుతుంది. తనకి అది అర్థం కూడా కాదు.

లాంగ్వేజ్ క్లయింట్ వాడేవాళ్లకు

నా ఎక్స్‌టెన్షన్‌కి లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌ని విడిగా చదివి ఎడిటర్‌కి తప్పులూ సూచనలూ పంపే ప్రోగ్రాం) లేదు గానీ అదే పాత ప్రాజెక్ట్‌లో ఉండేది, అక్కడ తెలిసినవి చెబుతాను. వీఎస్‌కోడ్ లాంగ్వేజ్ క్లయింట్ ప్యాకేజీ పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుంది. 7 నుంచి లాంగ్వేజ్ క్లయింట్ క్లాసుని ప్యాకేజీ పేరు నుంచి కాక, దాని పక్కన స్లాష్ నోడ్ అని చేర్చి ఇంపోర్ట్ చేయాలి. లేకపోతే టీఎస్ 2305, ఎక్స్‌పోర్ట్ చేసిన మెంబరు లేదని వస్తుంది. 8లో స్టార్ట్ ఫంక్షన్ డిస్పోజబుల్‌కి బదులు ప్రామిస్ ఇస్తుంది. దాన్ని నేరుగా సబ్‌స్క్రిప్షన్స్‌లోకి తోసే పాత కోడ్‌లో టీఎస్ 2345 వస్తుంది. ఆన్‌రెడీ కూడా అక్కడి నుంచి లేదు, స్టార్ట్‌నే అవెయిట్ చేయాలి. సబ్‌స్క్రిప్షన్స్‌లోకి క్లయింట్‌నే తోయండి. ఈ ప్యాకేజీ కూడా తన ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఇంజిన్స్ నంబరు రాసుకుంటుంది: 8.0కి 1.67, 9.0కి 1.82. కాబట్టి 1.70 మీద నిలబడాలంటే 9 జోలికి పోకూడదు. మీరు వాడే ప్రతి వీఎస్‌కోడ్ సంబంధ ప్యాకేజీలో ఈ ఇంజిన్స్ వరస ఒకసారి తెరిచి చూడండి. టైప్స్ దించినంత మాత్రాన ఇవి వాటంతట అవి దిగవు.

బండిలింగ్ దగ్గర ఆగితే

కంపైల్ అయి బండిల్ దగ్గర "డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్" అని ఆగితే మీ కోడ్ తప్పు కాదు. నోడ్ 17లో ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది, వెబ్‌ప్యాక్ 4 (ఇంకో బండిలింగ్ టూల్) వాడే పాత హ్యాష్ పద్ధతిని అది ఒప్పుకోదు. లెగసీ ప్రొవైడర్ అనే నోడ్ ఆప్షన్ పెడితే ఆ పూటకి గడుస్తుంది. సరైన మందు వెబ్‌ప్యాక్ 5 కొత్త వెర్షన్‌కి మారడం. "వీఎస్‌కోడ్ అనే మాడ్యూల్ రిజాల్వ్ కాలేదు" అని వస్తే దాన్ని ఎక్స్‌టర్నల్‌గా గుర్తించలేదని. ఆ పేరుతో మాడ్యూల్ డిస్క్ మీద ఎక్కడా ఉండదు, నడిచేటప్పుడు ఎడిటరే అందిస్తుంది. ఈఎస్‌బిల్డ్‌లోనైనా వెబ్‌ప్యాక్‌లోనైనా ఎక్స్‌టర్నల్ జాబితాలో ఆ పేరు ఉండాలి.

సీ ప్లస్ ప్లస్‌లో కట్టిన నేటివ్ మాడ్యూల్స్ వాడేవాళ్లకు "నోడ్ మాడ్యూల్ వెర్షన్" నంబర్లు రెండు చూపించి, ఇది వేరే నోడ్‌తో కట్టింది అనే ఎర్రర్ వస్తుంది. మన నోడ్ 20 నంబరు 115, నోడ్ 18ది 108. ఎలక్ట్రాన్ నంబర్లు వీటితో కలవవు. అందుకే టెర్మినల్‌లో నడిచిన మాడ్యూల్ ఎడిటర్లో నడవదు. నోడ్ ఏపీఐ (Node-API, నోడ్ వెర్షన్ మారినా అలాగే ఉండేది) మీద కట్టిన ప్యాకేజీ దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నాకు నేటివ్ మాడ్యూల్ అవసరం పడలేదు, చిన్న ఎక్స్‌టెన్షన్‌కి అసలు వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

కంపైలర్‌కి కూడా కనబడనిది

టీఎస్‌సీ ఎంత శుభ్రంగా ఉన్నా పట్టలేనిది ఒకటుంది, ల్యాబ్‌లో మొదట వచ్చిన ఆ "కమాండ్ నాట్ ఫౌండ్". ప్యాకేజ్ డాట్ జేసన్‌లో కమాండ్ ప్రకటిస్తే చాలు, దాన్ని నొక్కినప్పుడు ఎక్స్‌టెన్షన్‌ని లేపే పని ఎడిటరే చూసుకోవడం 1.74 నుంచి మొదలైంది. టెంప్లేట్‌లో యాక్టివేషన్ ఈవెంట్స్ జాబితా అందుకే ఖాళీగా ఉంటుంది. 1.70లో అలా కుదరదు. ప్రతి కమాండ్‌కీ ఆన్‌కమాండ్ వరస మనమే రాయాలి, సీ ఫైలు తెరవగానే లేవాలంటే ఆన్‌లాంగ్వేజ్ వరస కూడా రాయాలి. జేసన్ ఫైల్లోని ఈ లోటును ఏ టైపు చెక్కూ పట్టదు.

కాబట్టి పాత ఎడిటర్ని మీ మిషన్ మీద తెచ్చిపెట్టుకోవాల్సిందే. మీరు ఎఫ్5 నొక్కినప్పుడు తెరుచుకునేది మీ కొత్త ఎడిటరే, అందులో ఎంత చూసినా ఈ తప్పులు బయటపడవు. విండోస్‌లో 1.70.3 జిప్ ఫైలు దింపుకుని విడిగా ఒక ఫోల్డర్లో విప్పండి. ఆ ఫోల్డర్ లోపల డేటా అనే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టండి. దాంతో అది పోర్టబుల్‌గా నడుస్తుంది, సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు అందులోనే దాచుకుంటుంది, మీ అసలు ఎడిటర్ని ముట్టుకోదు. వీఎస్‌ఐఎక్స్‌ని అందులో ఇన్‌స్టాల్ చేసి ప్రతి కమాండ్ ఒక్కసారైనా నొక్కి చూడండి. టెస్టులు రాసుకున్నవాళ్లకు ఇంకా సుళువు. టెస్ట్ ఎలక్ట్రాన్ ప్యాకేజీకి వెర్షన్ నంబరు ఇస్తే ఆ ఎడిటర్ని అదే దింపుకుని టెస్టులు నడుపుతుంది. ఒకసారి 1.70.3 మీద, ఒకసారి స్టేబుల్ మీద నడపండి. ఈ రెండు చివరలూ పాసయితే మధ్యలోవాటి గురించి నేను టెన్షన్ పడను.

బిల్డ్ చేసేటప్పుడు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాకుండా ఎన్‌పీఎం సీఐ వాడండి. లాక్ ఫైల్లో ఉన్నది ఉన్నట్టే పెడుతుంది, ప్యాకేజ్ డాట్ జేసన్‌కీ లాక్ ఫైలుకీ పొంతన లేకపోతే ఆగిపోయి చెబుతుంది.

కొత్త సదుపాయం కూడా కావాలంటే

పాతదాని కోసం అందరికీ పాతదే ఇవ్వనక్కర్లేదు. కనీస వెర్షన్ 1.70 దగ్గరే ఉంచి, కొత్త ఎడిటర్ ఉన్నవాళ్లకు మాత్రం కొత్త ఏపీఐ వాడొచ్చు. టైప్స్ 1.70.0లో ఆ పేరు లేదు కాబట్టి మీకు కావలసిన రెండు మూడు ఫంక్షన్లతో చిన్న ఇంటర్‌ఫేస్ మీరే రాసుకోండి, ఆ ఏపీఐ ఉందో లేదో అడిగి, ఉంటేనే ఆ ఇంటర్‌ఫేస్‌గా తీసుకోండి. ఈ పనంతా ఒకే ఫైల్లో ఉంచండి. పేరు ఉందో లేదో అడగడం కుదరనప్పుడు, లాగ్ చానల్ విషయంలో లాగా, ఎడిటర్ ఇచ్చే వెర్షన్ స్ట్రింగ్ చూడాలి. దాన్ని అక్షరాలుగా పోల్చకండి. అలా పోలిస్తే 1.100 కంటే 1.70 పెద్దదని తేలుతుంది. వెర్షన్లు పోల్చే సెమ్‌వెర్ ప్యాకేజీతో గానీ, చుక్కల దగ్గర విడదీసి నంబర్లుగా గానీ పోల్చండి.

ఇలాంటి మినహాయింపులు మూడు నాలుగు దాటితే మాత్రం నేను కనీస వెర్షన్ పెంచేస్తాను. మార్కెట్‌ప్లేస్‌లో (వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు దొరికే ఆన్‌లైన్ చోటు) పెట్టిన ఎక్స్‌టెన్షన్‌కి ఇందులో భయం లేదు. కొత్త వెర్షన్ తన ఎడిటర్‌కి సరిపడకపోతే, వీఎస్ కోడ్ వెనక్కి చూసుకుని తనకు సరిపోయే పాత వెర్షన్‌ని తెస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఆ పాత వెర్షన్‌ని తీసేయకుండా ఉంచడం. నాలా వీఎస్‌ఐఎక్స్ ఫైలు చేతికి ఇచ్చేవాళ్లకు ఆ సదుపాయం లేదు కాబట్టి, ఫైలు పేరులోనే కనీస ఎడిటర్ నంబరు రాస్తున్నాను. మా మేనకోడలు పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడు రెండు ఫైళ్లున్నాయి. 1.70 అని రాసి ఉన్నది ల్యాబ్‌కి, రెండోది ఇంట్లో కొత్త లాప్‌టాప్ ఉన్న స్నేహితులకి.